నాలుగు బృందాలు, ఒకే డిజైన్: కలిపి నడిపేవారికి పని పద్ధతి

దక్షిణ ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో ఇంజినీరింగ్ పని దాదాపు ఎప్పుడూ నాలుగు ఊళ్లవారు కలిసి చేసే పనే. సర్వే చేసేవారు పార్వతీపురం నుంచి వస్తారు. పంపు, పైపు లెక్కలు విశాఖపట్నంలో తయారవుతాయి. సోలార్ డిజైన్ భువనేశ్వర్ నుంచి మెయిల్‌లో వస్తుంది. సంపు, ట్యాంకు కట్టే మేస్త్రి గుణుపూర్‌లో ఉంటాడు. ఎవరి కాగితం వారిదిగా చూస్తే వంక పెట్టడానికి ఏమీ ఉండదు. అన్నీ ఒకచోట పరిచి చూస్తే మాత్రం పంపు అవసరానికి మించి పెద్దదిగా, పైపు సన్నగా, ట్యాంకు చాలీచాలకుండా కనిపిస్తుంది.

ఇలాంటి పనిలో నలుగురినీ కలిపి నడిపే బాధ్యత మీ మీద పడిందనుకుని ఇది రాస్తున్నాను. ఒక్క మాట మొదటే చెప్పాలి. ఏ బృందమూ తన పని బాగా చేయకపోవడం వల్ల పెద్ద నష్టాలు రావు. ఎవరూ తమదనుకోని అంకెలు కొన్ని ఉంటాయి. నష్టమూ వాటిలోనే ఉంటుంది, లాభమూ వాటిలోనే ఉంటుంది. వాటిని వెతికి పట్టుకోవడమే మీ పని.

గాలిలో మాట్లాడకుండా ఒక ఊహా పథకాన్ని మొత్తం వ్యాసానికీ ఆధారంగా పెట్టుకుందాం. బిస్సంకటక్ వైపు కొండ మీద 500 మంది ఉండే ఒక పల్లె. కింద లోయలో ఒక ఊట. ఊట దగ్గర సంపు, సోలార్ పంపు, అక్కడి నుంచి 800 మీటర్ల పైపు, 60 మీటర్ల ఎత్తులో ట్యాంకు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు, అంటే రోజుకు 27,500 లీటర్లు. మీ పని వంతెన కావచ్చు, మిల్లు కావచ్చు, విద్యుత్ ఉపకేంద్రం కావచ్చు. పద్ధతి అదే.

1. దేన్ని మెరుగుపరుస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

"మంచి డిజైన్ కావాలి" అంటే నలుగురూ నాలుగు రకాలుగా అర్థం చేసుకుంటారు. పైపుల వారికి మంచి డిజైన్ అంటే పైపు ఖర్చు తక్కువ కావడం. సోలార్ వారికి తక్కువ ప్యానెళ్లు. సివిల్ వారికి కొండ మీదికి మోయాల్సిన ఇసుక, సిమెంటు తగ్గడం. అందుకని ముందు ఒకే కొలత ఎంచుకోండి. మన ఉదాహరణకు నేనైతే ఇలా రాస్తాను: "పదిహేనేళ్లలో కట్టడానికీ, నడపడానికీ, మరమ్మతులకూ అయ్యే మొత్తం ఖర్చు అతి తక్కువగా ఉండాలి."

దాని కిందనే దాటకూడని హద్దులు రాయండి. మే నెలలో కూడా మనిషికి 55 లీటర్లు అందాలి. వరసగా రెండు రోజులు ముసురు పట్టినా ట్యాంకులో నీళ్లుండాలి. చెడిపోతే రాయగడలో దొరికే సామానుతో బాగు చేయగలగాలి. ఈ మూడో హద్దును ఇంజినీర్లు తేలిగ్గా తీసుకుంటారు. దయచేసి మీరు తీసుకోకండి. వానాకాలంలో ఒక చిన్న కంట్రోలరు కోసం భువనేశ్వర్ దాకా మనిషిని పంపాల్సి వస్తే పల్లెలో ఆడవాళ్లు మళ్లీ బిందెలు పట్టుకుని లోయలోకి దిగాల్సి వస్తుంది.

ఈ వాక్యాన్నీ హద్దులనూ ఇంజినీర్లు మాత్రమే నిర్ణయించకూడదు. ఖర్చు కొంచెం పెరిగినా రెండు రోజుల నిల్వ కావాలా, ఒక రోజు చాలా అన్నది గ్రామసభ చెప్పాల్సిన మాట. కుయి మాట్లాడే ఊళ్లో ఆ భాష తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని అడగండి. వచ్చిన జవాబును అంకెగా మార్చి రాసుకోండి.

2. ఇచ్చిపుచ్చుకోళ్ల పట్టిక గీయండి

ఒక తెల్ల కాగితం మీద పనులన్నీ ఎడమ పక్కన వరసగా రాయండి: ఊట కొలత, సంపు, పంపు, పైపు, ప్యానెళ్లు, ట్యాంకు. అవే పేర్లను అదే వరసలో పైన కూడా రాయండి. ఇప్పుడు ఒక్కో వరసకూ "ఈ పని మొదలుపెట్టాలంటే ఎవరి దగ్గర నుంచి ఏ అంకె కావాలి?" అని అడిగి, ఆ నిలువు వరసలో గుర్తు పెట్టండి. డిజైన్ పనులకు ఈ చదరపు పట్టికను డొనాల్డ్ స్టీవార్డ్ 1981లో పద్ధతిగా స్థిరపరిచారు. విమానాల కంపెనీల దగ్గర నుంచి కార్ల కంపెనీల దాకా నేటికీ వాడుతున్నారు. దీనికి సాఫ్ట్‌వేరు అక్కర్లేదు, ఎక్సెల్ షీటు చాలు.

పనులను చేసే క్రమంలోనే రాశారు కాబట్టి మూలగీతకు (ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు గీసిన గీతకు) కింది పక్కన పడిన గుర్తులతో ఇబ్బంది లేదు. ముందు పని పూర్తయి తర్వాతి పనికి అంకె అందుతుంది. పై పక్కన పడినవాటిని ఎర్ర పెన్నుతో చుట్టండి. అవి ఇంకా తయారుకాని అంకె మీద ఆధారపడ్డ పనులు. పంపు ఎంచుకోవాలంటే పైపులో ఒరిపిడి వల్ల ఎంత హెడ్ (నీళ్లను నెట్టే పీడనం, మీటర్ల ఎత్తుగా లెక్కిస్తారు) పోతుందో తెలియాలి. పైపు సైజు తేల్చాలంటే గంటకు ఎన్ని లీటర్లు పంపుతారో తెలియాలి. అది ప్యానెళ్లకు ఎంతసేపు ఎండ తగులుతుందన్న దాని మీద ఉంటుంది. ప్యానెళ్లు ఎన్నో తేలాలంటే పంపు ఎంత విద్యుత్తు తీసుకుంటుందో తెలియాలి. తిరిగి తిరిగి మొదటికే వచ్చాం.

సునాబెడాలోని హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) విమాన ఇంజిన్ విభాగంలో పనిచేసినవారికి ఇలాంటి చక్రం కొత్తది కాదు. జెట్ ఇంజిన్‌లో కంప్రెసర్‌ను తిప్పేది టర్బైన్. ఆ టర్బైన్ తిరగాలంటే కంప్రెసర్ గాలిని నొక్కి పంపాలి. రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి కాబట్టి ఒకదాన్ని విడిగా "అత్యుత్తమం" చేయడానికి వీల్లేదు. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే 1955లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం వైపు చూడండి. అక్కడ టర్బైన్లు తిప్పిన నీళ్లే కిందికి దిగి బలిమెల జలాశయంలో చేరతాయి. అక్కడి నుంచి ఒడిశా వాటా బలిమెల కేంద్రానికీ, ఆంధ్రప్రదేశ్ వాటా ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాల వైపుకూ వెళుతుంది. పైవాళ్లు ఎప్పుడు ఎంత వదిలారన్నది కిందివాళ్లందరి లెక్కనూ మారుస్తుంది.

పట్టికలో ఎర్ర చుట్లు ఎక్కువగా ఉన్న పనులను పక్కపక్కకు జరిపి చూడండి. ఒక గుంపు తేలుతుంది. మన ఉదాహరణలో పంపు, పైపు, ప్యానెళ్లు ఆ గుంపు. వీళ్లు ముగ్గురూ వారానికి ఒకసారైనా నేరుగా మాట్లాడుకోవాలి. ట్యాంకు కట్టేవాళ్లకు ఆ అవసరం లేదు, ఫలితం తెలిస్తే చాలు. అందరినీ ప్రతి సమావేశానికీ పిలిచి గంటలు గంటలు కూర్చోబెట్టడం మానేయడానికి ఈ పట్టిక ఒక్కటే సరైన ఆధారం.

3. చేతులు మారే ప్రతి అంకెకూ ఐదు వివరాలు

ఒక బృందం నుంచి మరో బృందానికి వెళ్లే అంకెలు మన పథకంలో పదిహేను దాటవు. ఒక్కోదానికి ఒక వరస చొప్పున ఇంకో పట్టికలో ఐదు వివరాలు రాయించండి: పేరు, కొలమానం, ఎక్కడ కొలిచింది, ఏ పరిస్థితిలో కొలిచింది, యజమాని ఎవరు. యజమాని అంటే ఆ అంకెను మార్చే హక్కున్న ఒకే ఒక్క మనిషి.

ఇది గుమస్తా పనిలా కనిపిస్తుంది. ఎందుకు పట్టుబట్టాలో "50 మి.మీ. పైపు" అన్న మాటతో చూపిస్తాను. లెక్క కట్టే ఇంజినీరు 50 అంటే నీళ్లు పారే లోపలి వ్యాసం అనుకుంటాడు. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు అమ్మే దుకాణంలో 50 అంటే బయటి వ్యాసం. పది బార్ల పీడనానికి (ఒక బార్ అంటే దాదాపు పది మీటర్ల హెడ్) తట్టుకునే రకంలో గోడ మందం దాదాపు 3 మి.మీ. ఉంటుంది కాబట్టి లోపల మిగిలేది 44. ఆరు మిల్లీమీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ పైపులో ఒరిపిడి నష్టం వ్యాసం తగ్గేకొద్దీ దాదాపు ఐదో ఘాతంలో పెరుగుతుంది. గంటకు 5,500 లీటర్లు 800 మీటర్ల దూరం పోవాలంటే లోపలి వ్యాసం 50 అయినప్పుడు పోయే హెడ్ సుమారు 12 మీటర్లు, 44 అయినప్పుడు 22 మీటర్లు. పంపు వాళ్లు 12కు పంపు కొంటారు, ఫిట్టరు 22 అయ్యే పైపు వేస్తాడు. ఇద్దరి దగ్గరా "50" అనే కాగితం ఉంటుంది. పైన ట్యాంకు నిండదు.

ఎత్తుల విషయమూ అంతే. సర్వేవాళ్లు ఎత్తు ఎక్కడి నుంచి కొలిచారు? ఊట దగ్గర నేల మీద నుంచా, సంపులో వేసవి నీటిమట్టం నుంచా? పైన ట్యాంకు అడుగు దాకానా, నీళ్లు పడే పైపు మూతి దాకానా? రెండు చివరలా రెండేసి మీటర్లు తప్పిపోతే మొత్తం నాలుగు మీటర్లు ఎటూ కాకుండా పోతాయి. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. మేస్త్రి అడుగుల్లో చెబుతాడు, జీఐ (జింకు పూత ఇనుప) పైపు అంగుళాల్లో అమ్ముతారు, పంపు హార్స్‌పవర్‌లో, ప్యానెల్ వాట్లలో వస్తాయి. పట్టికలో మీటరు, లీటరు, వాటు తప్ప ఇంకేదీ రానివ్వకండి. మార్చి రాసే పని ఇచ్చేవాడిది.

పెద్ద సంస్థలు కూడా ఇక్కడే దెబ్బతిన్నాయి. ఎయిర్‌బస్ ఏ380లో ఒక్కో విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల వైరు ఉంటుంది. జర్మనీలోని హాంబుర్గ్ బృందం డిజైన్ సాఫ్ట్‌వేరు పాత వెర్షన్‌లో, ఫ్రాన్స్‌లోని తులూజ్ బృందం కొత్త వెర్షన్‌లో పనిచేశాయి. హాంబుర్గ్‌లో తయారైన వైరు కట్టలను తులూజ్‌లో విమానానికి అమర్చబోతే సరిపోలేదు. 2006లో ఆ విమానాల అప్పగింత ఆలస్యమవుతుందని ప్రకటించడానికి ఇది ముఖ్య కారణం. ప్రతి బృందంలోనూ ప్రపంచస్థాయి ఇంజినీర్లున్నారు. రెండు ఫైళ్లూ ఒక్కటే చెబుతున్నాయా అని చూసే యజమాని మాత్రం కరవయ్యాడు.

4. జవాబు అడగకండి, హద్దులూ రేటూ అడగండి

ఈ అడుగు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఖర్చు నిజంగా తగ్గేది ఇక్కడే.

మామూలుగా మనం పైపుల ఇంజినీరును "సార్, పైపు సైజు ఎంత?" అని అడుగుతాం. ఆయన తన అనుభవం కొద్దీ ఒక అంకె చెబుతారు. ఆ అంకె చెప్పేసరికి మిగతా ముగ్గురి దారులూ మూసుకుపోతాయి. దానికి బదులు ఇలా అడగండి: "ఏ సైజు నుంచి ఏ సైజు దాకా వేయవచ్చు? ఒక్కో సైజుకు ఎంత హెడ్ పోతుంది, ఎంత ఖర్చవుతుంది?" పంపు వారిని, "ఒక మీటరు హెడ్ తగ్గితే మీకు ఎన్ని వాట్లు మిగులుతాయి?" అని అడగండి. సోలార్ వారిని, "వంద వాట్లు తగ్గితే ఎన్ని రూపాయలు తగ్గుతాయి?" అని అడగండి. ఇలా వచ్చేవి మారకపు రేట్లు. బృందాల మధ్య వాదనలను లెక్కలుగా మార్చేవి ఇవే.

మన పల్లెకు లెక్క వేద్దాం. రోజుకు ఐదు గంటలు పంపు తిరుగుతుందనుకుంటే గంటకు 5,500 లీటర్లు, అంటే సెకనుకు 1.53 లీటర్లు పంపాలి. లోపలి వ్యాసం 40 మి.మీ. అయితే ఒరిపిడికి పోయే హెడ్ సుమారు 35 మీటర్లు. 50 అయితే 12. 65 అయితే మూడు మీటర్లకు కాస్త పైన. దీనికి 60 మీటర్ల ఎత్తు కలిపితే మొత్తం హెడ్ వరసగా 95, 72, 63 మీటర్లు. పంపు, మోటారు, కంట్రోలరు అన్నీ కలిపి సామర్థ్యం 45 శాతం అనుకుంటే పంపుకు అందాల్సిన విద్యుత్తు 3.2, 2.4, 2.1 కిలోవాట్లు.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 40 నుంచి 50కి వెళ్తే దాదాపు 800 వాట్లు మిగిలాయి. 50 నుంచి 65కు వెళ్తే 300 మాత్రమే. మొదటి మార్పుకు పైపు మీద పెట్టే అదనపు ఖర్చు ప్యానెళ్ల మీద తిరిగి వచ్చే అవకాశం చాలా ఎక్కువ, రెండో మార్పుకు రాకపోవచ్చు. మీ టెండర్ల ధరలు పెట్టి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. పైపుల బృందాన్ని తన ఖర్చు మాత్రమే తగ్గించుకోమంటే 40 దగ్గరే ఆగిపోయేది. అప్పుడు మొత్తం హెడ్ 95 మీటర్లు కాబట్టి, పంపు ఆగినప్పుడు నీళ్లు వెనక్కి తన్నే దెబ్బను తట్టుకోవడానికి పది బార్ల పైపులో మిగిలే వెసులుబాటు దాదాపు ఏమీ లేదు. దాని కోసం ఇంకా మందమైన పైపు, దానివల్ల ఇంకా సన్నని దారి.

ఒక మీటరు హెడ్ విలువ ఈ ప్రవాహం దగ్గర సుమారు 33 వాట్లు. ఈ రేటు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. సివిల్ వాళ్లు "ట్యాంకును ఇంకో పది మీటర్లు పైకి జరిపితే గట్టి రాయి దొరుకుతుంది, పునాది ఖర్చు తగ్గుతుంది" అంటే, వాదించాల్సిన పని లేదు. పది మీటర్లు అంటే 330 వాట్లు, అంత ఆదా పునాదిలో ఉందా అని వాళ్లే లెక్క చూసుకుంటారు.

ఎవరూ తమదనుకోని అంకె గురించి మొదట చెప్పాను. మన ఉదాహరణలో అది పంపు తిరిగే గంటలు. సోలార్ వాళ్లు తమకు చూపిన స్థలంలో ఎండ ఎంతసేపు ఉంటే అంతే రాసుకున్నారు. స్థలం చూపింది సివిల్ వాళ్లు, ఊట పక్కనే చదునుగా ఉందని. లోయలో తూర్పు కొండ నీడ పొద్దున్నే పోదు. ప్యానెళ్లను కొంచెం ఎడంగా, నీడ త్వరగా తొలిగే గట్టు మీద పెట్టి ఐదు గంటలను ఆరు చేయగలిగితే ఏమవుతుందో చూడండి. ప్రవాహం సెకనుకు 1.27 లీటర్లకు తగ్గుతుంది. అదే 50 మి.మీ. పైపులో ఒరిపిడి 12 మీటర్ల నుంచి 9 మీటర్ల లోపుకు వస్తుంది. పంపుకు అందాల్సిన విద్యుత్తు 2.4 నుంచి 1.9 కిలోవాట్లకు పడిపోతుంది.

అంతటితో ఆగదు. మే నెలలో ఊట సెకనుకు ఒక లీటరే ఇస్తుందనుకుందాం. రోజు మొత్తం మీద అది 86,400 లీటర్లు, అవసరానికి మూడింతలు. కానీ పంపు లాగే వేగానికి చాలదు కాబట్టి రాత్రి నీళ్లు సంపులో నిల్వ ఉంచాలి. ఐదు గంటల లెక్కకు సంపులో కనీసం 9,500 లీటర్లు నిల్వ ఉండాలి. ఆరు గంటల లెక్కకు 5,900 చాలు. ప్యానెళ్ల చోటు మారితే సంపు చిన్నదైంది! గట్టు దాకా కేబులు పొడవు పెరుగుతుంది, దానిలో వోల్టేజి కొంత పోతుంది, ఆ ఖర్చు కూడా లెక్కలో వేయండి. అయినా ఒకే ఒక్క మార్పు ముగ్గురికి మేలు చేసింది. ఆ ముగ్గురిలో ఎవరి కాగితం చూసినా ఆ మార్పు చేయాలన్న ఆలోచన పుట్టదు. సమన్వయకర్త ఉండాల్సింది ఇందుకే.

ఇలాంటి అంకెలు మీ పనిలో ఏవో కనిపెట్టడానికి ఒక గుర్తు చెబుతాను. ప్రతి బృందాన్నీ "మీరు ఇవ్వబడినదిగా తీసుకున్న అంకెలేవి?" అని అడగండి. రెండు మూడు జాబితాల్లో కనిపిస్తూ, ఎవరి యాజమాన్యంలోనూ లేని అంకె ఉంటే దాన్ని పట్టుకోండి.

5. చుట్లు తిప్పడం, ఉమ్మడి అంకెలను మీ దగ్గర పెట్టుకోవడం

రేట్లు వచ్చాక అంకెలను రెండు రకాలుగా విడదీయండి. ఒక బృందానికే సంబంధించినవి, ఉదాహరణకు ట్యాంకు గోడ మందం, పంపు దశల సంఖ్య, ప్యానెళ్ల వైరింగు వాళ్లకే వదిలేయండి. వాటిలో వేలు పెట్టకండి. ప్రవాహం, పంపు గంటలు, పైపు లోపలి వ్యాసం, ట్యాంకు ఎత్తు లాంటి ఉమ్మడి అంకెలు నాలుగైదు ఉంటాయి. అవి మీ చేతిలో ఉండాలి. మీరు ఒక విలువ ప్రకటిస్తారు, అందరూ దానికి తమ డిజైన్ సరిచేసి ఖర్చు, హద్దుల స్థితి చెబుతారు, మీరు రేట్లు చూసి తర్వాతి విలువ ప్రకటిస్తారు. ఇది ఒక చుట్టు.

మూడు నాలుగు చుట్లలో అంకెలు నిలకడకు రావాలి. రాకుండా ఒక చుట్టులో పెరిగి, మరో చుట్టులో తగ్గి ఊగుతుంటే, కొత్త విలువకు ఒక్కసారిగా దూకకుండా పాతదానికీ కొత్తదానికీ మధ్య సగం దూరం మాత్రమే జరపండి. ఊగడం తగ్గుతుంది. పైపు లాంటివి ఎలాగూ మార్కెట్లో దొరికే సైజుల్లోనే వస్తాయి కాబట్టి చివర్లో రెండు మూడు సైజులను విడివిడిగా లెక్కించి చూడడం మేలు.

మొదటి చుట్టు మాత్రం అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి చేయండి. అమెరికాలో జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ 1995లో టీమ్ ఎక్స్ పేరుతో ఈ పద్ధతే మొదలుపెట్టింది. అంతరిక్ష నౌక తొలి డిజైన్ కోసం అన్ని శాఖల నిపుణులూ ఒకే గదిలో, తమ తమ కంప్యూటర్ల ముందు కూర్చుని అంకెలు అప్పటికప్పుడు మార్చుకుంటారు. మనకు రాయగడలో ఒక గది, ఒక ప్రొజెక్టరు, అందరికీ కనిపించే ఒక షీటు చాలు. విశాఖ నుంచి వచ్చేవారికి రైలు ఉంది, భువనేశ్వర్ నుంచి వచ్చేవారికి కూడా ఉంది. ప్రయాణ ఖర్చుకు వెనకాడకండి. మాటలు తెలుగులో, ఒడియాలో, ఎవరికి ఏది వస్తే దానిలో సాగనివ్వండి. షీటు మాత్రం ఒక్కటే ఉండాలి.

ఆ రోజే ఇంకో పని చేయండి. ప్రతి బృందమూ తన లెక్కలో దాచుకున్న భద్రతా వాటాను బయట పెట్టమనండి. పైపుల ఇంజినీరు హెడ్‌కు 15 శాతం కలిపి ఉంటారు. పంపు ఎంచుకునేవారు ఆ అంకెకు 20 శాతం కలిపి ఉంటారు. సోలార్ వారు ధూళి, వేడి అంటూ 25 శాతం కలిపి ఉంటారు. ఒకదాని మీద ఒకటి హెచ్చిస్తే అసలుకు 1.725 రెట్లు! ఎవరూ తప్పు చేయలేదు, అందరూ జాగ్రత్తపడ్డారు. పల్లె మాత్రం ముప్పాతిక వంతు దాకా అదనంగా చెల్లిస్తుంది. దాచుకున్నవన్నీ తీసేసి, కలిపి ఒకే వాటాను మీ దగ్గర పెట్టుకోండి. ఎవరి లెక్కలో నిజమైన సందేహం ఉందో వాళ్లకు దానిలోంచి ఇవ్వండి. ధూళి, వేడి నిజమైనవే కాబట్టి సోలార్ వాళ్లకు ఎక్కువ వాటా వెళ్లవచ్చు. ఈ విషయంలో జనం ఇబ్బంది పడతారు, ఎందుకంటే రేపు నీళ్లు రాకపోతే మాట పడేది తామే అని వారి భయం. ఉమ్మడి వాటా బాధ్యత మీదని రాతపూర్వకంగా ఇవ్వండి. అప్పుడు చెబుతారు.

6. మంచి రోజు లెక్కతో ముగించకండి

తేలిన డిజైన్‌ను మూడు చెడ్డ రోజుల మీద పరీక్షించండి: మే చివర ఊట బాగా తగ్గినప్పుడు, జూలైలో ముసురు పట్టినప్పుడు, పండగకు బంధువులు వచ్చి ఊరు నిండినప్పుడు. ఒక్కో రోజుకు మొదటగా తెగే హద్దు ఏదో, దాని యజమాని ఎవరో రాసుకోండి. పైపు ఎక్కే కొద్దీ లోపలి పీడనం తగ్గుతుంది కాబట్టి పై భాగంలో తక్కువ పీడనం రకం పైపు వేసి డబ్బు మిగల్చవచ్చు అన్న ఆలోచన ఇక్కడ ఎవరో తెస్తారు. మంచి ఆలోచనే. అయితే గోడ పలచనైతే లోపలి వ్యాసం మారుతుంది, కాబట్టి మూడో అడుగులోని పట్టికకు వెళ్లి ఆ వరసను రెండుగా విడదీయాలి.

గ్రామసభకు ఒకే డిజైన్ తీసుకెళ్లకండి. ఖర్చు, నిల్వ రోజులు రెండూ చూపే మూడు ఎంపికలు తీసుకెళ్లండి. మూడింటిలో ఏదీ మరోదానికంటే అన్ని విధాలా తక్కువది కాకుండా చూసుకోండి. అన్ని విధాలా వెనకబడినదాన్ని లెక్క పెంచడానికి చూపడం వారి సమయాన్ని వృథా చేయడమే.

7. అంకెలు బిగించాక మార్పు చీటీ

ఒక తేదీ పెట్టి ఉమ్మడి అంకెలను బిగించండి. ఆ తర్వాత ఎవరు మార్చాలన్నా ఒక చీటీ రాయాలి: ఏ అంకె, ఎంత నుంచి ఎంతకు, ఎవరెవరి లెక్క మారుతుంది. మూడో ప్రశ్నకు జవాబు రెండో అడుగులో గీసిన పట్టికలోనే ఉంటుంది. ఆ నిలువు వరసలో గుర్తున్న వాళ్లందరికీ ఫోను వెళ్లాలి. వాట్సాప్‌లో "ఓకే" అని వచ్చిన జవాబును సంతకంగా లెక్కించకండి. కొత్త అంకెతో లెక్క మళ్లీ చేశామని చెప్పే ఒక్క వాక్యం అడగండి.

దుకాణంలో అడిగిన సామాను దొరకక ఫిట్టరు వేరేది తెచ్చే సందర్భాలు ఇక్కడ తరచూ వస్తాయి. అతన్ని తప్పుపట్టకండి. పైపు మీద ముద్రించిన సైజు, పీడనం అంకెలను ఫొటో తీసి పంపడం అతని పనిలో భాగం చేయండి. ట్రెంచిలో మట్టి కప్పకముందే ఆ ఫొటో మీ దగ్గరకు చేరాలి.

8. పని మొదలైన రోజు కొలవండి

పంపు పక్కన ఒక పీడన మాపకం, పైపు చివర ఒక డ్రమ్ము, చేతిలో గడియారం ఉంటే చాలు. మధ్యాహ్నం ఎండ నిలకడగా ఉన్నప్పుడు డ్రమ్ము నిండే సమయం చూసి ప్రవాహం కట్టండి. అదే సమయంలో పీడనం చదవండి. పది మీటర్ల హెడ్‌కు దాదాపు ఒక బార్. మాపకం ఉన్న చోటి నుంచి ట్యాంకులో నీళ్లు పడే మూతి దాకా ఎత్తును అందులోంచి తీసేస్తే మిగిలేది పైపు ఒరిపిడి. ఆ రోజు వచ్చిన ప్రవాహానికి పైపుల బృందాన్ని మళ్లీ లెక్క వేయమని, కొలిచిన ఒరిపిడిని దానితో పోల్చండి. తేడా రెండు మూడు మీటర్లు దాటితే గాలి చిక్కుకుందా, వాల్వు సగమే తెరిచి ఉందా, పైపు వేరేదా అని ఆ క్రమంలో వెతకండి.

కొలిచిన అంకెలను పట్టికలో లెక్క అంకెల పక్కనే కొత్త నిలువు వరసగా రాసి నాలుగు బృందాలకూ పంపండి. తర్వాతి పల్లె డిజైన్ మొదలయ్యేటప్పుడు ఒరిపిడికీ, సామర్థ్యానికీ ఈ వరసలోని విలువలే తీసుకోవాలి, అప్పుడు ఉమ్మడి భద్రతా వాటాను కూడా తగ్గించవచ్చు. ఊట కొలత మాత్రం ప్రతి ఏడాదీ మే నెలలో మళ్లీ తీయాలి. దానికి ఊళ్లోనే ఒక మనిషిని, ఒక బకెట్‌నూ, ఒక నోటుపుస్తకాన్నీ ఇప్పుడే ఏర్పాటు చేసి, ఆ మనిషి పేరును పట్టికలో ఆ అంకె యజమానిగా రాయండి.